ఉచ్చు ఎత్తున కట్టిన కెమెరా

ఆ ఉదయం గైడు పెట్టుకున్న పనులు రెండే. కంచె దగ్గరున్న అడవి కెమెరాకి బ్యాటరీలు మార్చడం, అతిథి గదిలో కారుతున్న కుళాయి బిగించడం. రెండూ అయ్యాక టీ తాగి, గుమ్మంలో కూర్చుని, ఎవరైనా వస్తారేమోనని రోడ్డు వైపు చూడటం. ఈ మూడోదాన్ని పని అనరని అతని భార్య వాదన. ఏడాదిగా అతను ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా చేస్తున్నది మాత్రం అదే.

గైడేమీ పుట్టుకతో గైడు కాదు. మొన్నమొన్నటిదాకా ఆ కొండవాలు మొత్తం మీద అతన్ని మించిన ఉచ్చులవాడు లేడు. కుందేలు ఏ సందులోంచి దూరుతుందో చీకట్లో కూడా వేలు పెట్టి చూపించేవాడు. అలాంటి మనిషి అటవీ ఆఫీసు మేడం వచ్చి ఊళ్లో చెప్పిన మాటలకు పూర్తిగా పడిపోయాడు. ఇంటికో గది శుభ్రం చేసి బయటివాళ్లకు ఇవ్వాలట. వేట మానెయ్యాలట. వచ్చినవాళ్లను అడవిలో తిప్పి బతికున్న జంతువుల్ని చూపిస్తే ఊరికి తిండి, అడవికి రక్షణ, రెండూ జరుగుతాయట. ఆ పథకానికి కాగితం మీద బారెడు పేరుంది. ఎవరికీ నోరు తిరగక ఊళ్లో దాన్ని గదుల పథకం అనేవారు.

గైడు తాను నమ్మి ఊరుకోలేదు. ఇల్లిల్లూ తిరిగి, గడ్డాలు పట్టుకుని బతిమాలి, అందరిచేతా తీగ ఉచ్చులు ఇప్పించి, గోనెసంచుల్లో కట్టి తన ఇంటి అటక ఎక్కించాడు. ఉన్న ఒక్క పడకగదినీ అతిథుల పేరు చెప్పి ఖాళీ చేసి, మొగుడూ పెళ్లాలిద్దరూ వంటింట్లో పక్కలు వేసుకున్నారు. గదిలో కొత్త మంచం, కొత్త దుప్పటి, కిటికీకి పూల తెర. ఏడాది తిరిగేసరికి ఆ మంచం మీద హాయిగా నిద్రపోయిన ప్రాణి ఒక్కటే. అది అత్తగారి నల్లపిల్లి. దాని పేరు మసి.

నెలాఖరుకి పెద్ద సారు స్వయంగా వచ్చి, పథకం ఉంచాలో ఎత్తెయ్యాలో తేల్చేస్తారని మేడం కబురు పంపింది. ఎత్తేస్తే ఎవరి ఉచ్చులు వాళ్లకు ఇచ్చెయ్యాలి. తనవి తాను కూడా దులుపుకుని మళ్లీ అడవికి పోవాలి. అది తలుచుకుంటే గైడుకు ముద్ద దిగడం లేదు. పైగా ఊళ్లో ఎదురుపడ్డ ప్రతివాడూ, ముఖ్యంగా పాలాయన, "ఏం గైడూ, నా తీగ తుప్పు పట్టలేదు కదా?" అని కూతుర్ని అత్తారింటికి పంపినవాడిలా క్షేమం అడుగుతున్నాడు.

ఇక కెమెరా సంగతి. ఏ జంతువు ముందు నుంచి పోయినా దానంతటదే ఫోటో తీసే కెమెరా అది. వాగు దగ్గర చెట్టుకి నడుమెత్తున కట్టమని మేడం మరీ మరీ చెప్పి ఇచ్చింది. బ్యాటరీల కోసం అస్తమానం వాగు దాకా ఎవరు పోతారని గైడు దాన్ని పెరటి వెనక, కొండవాలు మొదలయ్యే చోట, కంచెలో సందు పక్కన కట్టాడు. నడుమెత్తున కట్టాననే అనుకున్నాడు. కానీ చేతికి పడ్డ అలవాటు ఎక్కడికి పోతుంది? కుందేలు మెడ తగిలే ఎత్తు ఎంతో అంతే ఎత్తున, మోకాలికి బాగా కిందుగా, రెండు ముళ్లు వేసి బిగించేశాడు.

ఆ ఉదయం బ్యాటరీలు మార్చి, చిన్న తెర మీద ఫోటోలు చూస్తున్న గైడు అలాగే నిలబడిపోయాడు. ఫోటో నిండా నలుపు. బలిసిన భుజం, ఎత్తిన పంజా, నిప్పులా వెలుగుతున్న ఒక కన్ను. దాని పొట్ట కింద కొండ చిన్న గుట్టలా ఉంది.

కుళాయి మాట మరిచిపోయి టైలరు కొట్టుకి పరుగెత్తాడు. టైలరు గదుల కమిటీకి ప్రెసిడెంటు, వరసకి గైడు భార్యకు అన్న. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఫోటోని బట్ట చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నల్ల చిరుత బావా. ఛాతీ నలభై నాలుగు ఉంటుంది."

"నిజంగా చిరుతేనంటావా?"

"భుజాలు చూడు. ఇలాంటి భుజాలకు కోటు కుట్టాలంటే మామూలు బట్ట సరిపోదు."

ఒక బొత్తాం కుట్టడానికి వారం తిప్పించుకునే టైలరు, గైడు చేతిలో టీ చల్లారేలోపల ఆ ఫోటోని మేడంకి పంపించేశాడు. మేడం పెద్ద సారుకి పంపింది. పెద్ద సారు తన పైవాళ్లకు పంపారు. మధ్యాహ్నానికి అది ఎవరెవరి ఫోన్లలోకో ఎక్కింది. సాయంత్రానికి టైలరు ఫోను మోగడం మొదలుపెట్టి మరి ఆగలేదు. వారం తిరక్కుండా ఊళ్లో గదులన్నీ బుక్కయిపోయాయి.

గైడు భార్య ఏడాదిగా మడత పెట్టి ఉంచిన దిండు గలీబులు తీసి ఇస్త్రీ చేసింది. చేస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. ఆమె పాడగా విని ఎన్నాళ్లయిందో గైడుకు గుర్తు రాలేదు. గుమ్మంలో నిలబడి వింటూంటే అతనికి కళ్లు చెమర్చాయి.

ఇంతలో రెండో కూతురింటికి వెళ్లిన అత్తగారు బస్సు దిగి వచ్చింది. సంచి కింద పెట్టి, మంచినీళ్లు కూడా తాగకుండా అల్లుణ్ణి పిలిచింది.

"అల్లుడూ, మన మసిని బస్టాపులో ఎందుకు కట్టారు?"

బస్టాపులో టైలరు కట్టించిన బ్యానరుంది. తలుపంత ఫోటో, పైన రానున్న అతిథులకు స్వాగతం.

"అది మసి కాదు అత్తయ్యా. నల్ల చిరుత."

"ఎడమ చెవి చూశావా? చివర కాస్త తెగి లేదూ? నువ్వు తలుపు ధడాలున వేస్తే నలిగిన చెవి అది. మందు రాసింది నేను. నాకు తెలీదా?"

గైడు పెరట్లోకి వెళ్లాడు. మసి కంచె సందు దగ్గర ఎండలో ఒళ్లు నాక్కుంటోంది. ఎడమ చెవి చివర తెగి ఉంది. అతను చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, బోర్లా పడుకుని కెమెరా పక్కన గడ్డం నేలకి ఆనించాడు. పిల్లి లేచి, ఒళ్లు విరుచుకుని, ముఖానికి జానెడు దూరంలో నడిచిపోయింది. ఆకాశం సగం కనబడలేదు. దాని పొట్ట కింద కొండ చిన్న గుట్టలా ఉంది.

కొంప మునిగిందని అర్థమైంది. లేచి మట్టి కూడా దులుపుకోకుండా టైలరు దగ్గరికి పోయి చెప్పాడు. టైలరు కత్తెర కింద పెట్టాడు.

"వచ్చేవాళ్లు దారిలో ఉన్నారు బావా. ఇప్పుడు పిల్లి అన్నామంటే నన్ను ఆ బ్యానర్లోనే చుట్టి పంపిస్తారు."

"మరేం చెయ్యమంటావు?"

"సోమవారం దాకా పిల్లిని దాచెయ్. జనం వెళ్లాక మేడంకి మెల్లిగా చెబుదాం."

పెద్ద తెలివైన ఆలోచనలాగే కనబడింది. మసిని తీసుకెళ్లి అటక మీద, ఉచ్చుల సంచుల మధ్య పెట్టి తలుపు వేశారు. అత్తగారు పాలగిన్నె పట్టుకుని నిచ్చెన ఎక్కుతూ దిగుతూ అల్లుణ్ణి నానా మాటలూ అంది.

గైడు ఇంట్లో దిగినవాళ్లు రిటైరైన టీచరుగారు, ఆయన భార్య. ఇద్దరూ నెమ్మదస్తులు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చారో లేదో, అటక మీంచి మసి రాగం ఎత్తుకుంది. సన్నగా మొదలుపెట్టి, కడుపులోంచి పైకి లాగి, చివర్లో వణికించి వదిలింది. టీచరుగారు లేచి కూర్చున్నారు.

"ఏంటండీ ఆ శబ్దం?"

గైడు నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"మా అత్తగారండి. పాట సాధన చేస్తున్నారు."

"ఈ వయసులో సంగీతమా? ఎంత గొప్ప విషయం. సాయంత్రం మాకోసం పాడమని అడగొచ్చా?"

అత్తగారు ఆ సంగతి విని అల్లుణ్ణి చూసిన చూపు వర్ణించడం కష్టం. అయినా ఆవిడ సాయంత్రం పాడింది. కూతురి మొహం చూసి పాడింది. పాడగా పాడగా ఆవిడకే సరదా వేసి, నాలుగో పాట ఎవరూ అడక్కుండానే ఎత్తుకుంది. దంపతులు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం కంటే ఇప్పుడు గొంతు బాగా విచ్చుకుందని మెచ్చుకున్నారు.

సోమవారం వచ్చింది. టీచరుగారు ఇంకో వారం ఉంటామన్నారు. మిగతా ఇళ్లలో పాతవాళ్లు వెళ్లేలోపలే కొత్తవాళ్లు దిగారు. మేడంకి చెప్పడం వచ్చే సోమవారానికి వాయిదా పడింది.

ఈలోగా ఊళ్లో సంగతులు మారిపోయాయి. చిరుత నిజమని నమ్మిన జనం మేకల్ని కొండవాలుకి తోలడం మానేశారు. కట్టెలకు అటు పోవడం మానేశారు. కుక్కల్ని కట్టేశారు. మనుషుల అలికిడి, కుక్కల అరుపులు లేకపోయేసరికి జింకలు వాగు దాకా దిగి వచ్చాయి. పొద్దున్నే గైడు అతిథుల్ని తీసుకెళ్తే జింకలు తలెత్తి చూసి, వీళ్లు ఫర్వాలేదనుకుని మళ్లీ నీళ్లు తాగేవి. చిరుత కనబడలేదని ఒక్కరు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. అది వీళ్లను చూస్తూనే ఉందని ఎవరికి వాళ్లు చెప్పుకున్నారు.

అంతకంటే పెద్ద విశేషం ఒక సాయంత్రం జరిగింది. పాలాయన వెనక గుమ్మం దగ్గరికి తేలు కుట్టిన దొంగలా వచ్చి, చొక్కా కిందనుంచి చుట్ట చుట్టిన తీగ ఒకటి తీశాడు.

"దారిలో దొరికింది గైడూ. నీ దగ్గర ఉంచుతావేమోనని."

తీగ నిగనిగలాడుతోంది. దానికున్న ముడి పాలాయన ముడే. ఉచ్చులన్నీ ఇచ్చేశానని ఒట్టేసి చెప్పిన మనిషి ఏడాదిగా ఇంకొన్ని వాడుతూనే ఉన్నాడన్నమాట.

"ఇదెందుకు తెచ్చావు?" అన్నాడు గైడు.

పాలాయన నేల చూపులు చూశాడు. "మా ఇంట్లో నలుగురు దిగారు. పిల్లలకి చెప్పులు కొన్నాను. ఆ చిరుత పొరపాటున దీన్లో పడితే ఊరంతా నా మొహాన ఉమ్మేస్తుంది."

ఆ వారమంతా గైడు వెనక గుమ్మానికి తెరిపి లేదు. ఒకరికి తెలియకుండా ఒకరు, అందరికీ దారిలోనే దొరికాయి. అటక మీద మసికి కాలు పెట్టే చోటు లేకుండా పోయింది. ఏడాదిపాటు తాను గొంతు చించుకున్నా ఇవ్వని ఉచ్చుల్ని లేని చిరుత ఇప్పించింది. ఇప్పుడు నిజం చెబితే ఇవన్నీ మళ్లీ అడవికి పోతాయి. గైడుకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడుపే దగ్గరగా ఉన్నట్టనిపించింది.

"చెప్పకండి," అంది భార్య. "అబద్ధమైతే అయింది. ఎవరికి నష్టం?"

ఆ నష్టం నెలాఖరున జీపులో వచ్చింది.

పెద్ద సారు పెద్దగానే ఉన్నారు. బడి గదిలో ఊరంతా కూర్చుంది. అతిథులు కూడా వచ్చి వెనక బల్లల మీద సర్దుకున్నారు. మేడం మొహం వెలిగిపోతోంది. పెద్ద సారు గొంతు సవరించుకున్నారు.

"మీ అందరికీ అభినందనలు. ఇంత అరుదైన జంతువుని కాపాడుకోవడం మన బాధ్యత. అందుకని కొండవాలు చుట్టూ ఎత్తు కంచె వేస్తున్నాం. గదులన్నీ మూసెయ్యాలి. బయటి మనుషులు ఇటు రాకూడదు. మిమ్మల్ని కూడా మెల్లిగా వేరే చోటికి మారుస్తాం. చిరుత ఉన్నచోట జనం ఉండటం దానికి మంచిది కాదు."

మేడం మొహంలో వెలుగు ఆరిపోయింది. ఈ మాట ఆమెకు కూడా కొత్తదేనని తెలుస్తోంది. గైడు భార్య వైపు చూశాడు. ఆమె చేతిలో గది తాళంచెవి ఉంది. దాన్ని పిడికిట్లో బిగించి పట్టుకుని కూర్చుంది. చెప్పకండి అన్న మనిషే, ఇప్పుడు చెప్పమన్నట్టు తల ఊపింది.

గైడు లేచాడు.

"సార్, చిరుత లేదండి."

"లేకపోవడమేంటి? ఫోటో ఉందిగా."

"అది మా అత్తగారి పిల్లండి."

పెద్ద సారు నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి ఆగిపోయారు. గైడు చెప్పుకుపోయాడు. కెమెరా కట్టిన ఎత్తు, తెగిన చెవి, అటక, అన్నీ చెప్పాడు. చెప్పడం అయ్యేసరికి కూతురు కబురంపగా అత్తగారు మసిని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చుని ఉంది. టైలరు అలవాటు కొద్దీ మెళ్లోంచి టేపు తీసి పిల్లికి చుట్టాడు.

"ఛాతీ పన్నెండు సార్. నా లెక్కే తప్పింది. ఫోటో పంపింది కూడా నేనే."

"నేను ఈ సంగతి పైవాళ్లందరికీ చెప్పాను," అన్నారు పెద్ద సారు నీరసంగా.

"ఏ ఎత్తున కట్టాలో నేను దగ్గరుండి చూపించాల్సింది సార్," అంది మేడం.

వెనక బల్ల మీంచి టీచరుగారు లేచారు. "మేం చిరుత కోసమే వచ్చామండి, నిజమే. రోజూ జింకల్ని చూశాం, చక్కగా నిద్రపోయాం. వచ్చే నెలకి మా తమ్ముడివాళ్లకు కూడా గది చెప్పాం. పిల్లి అయినా మాకేం ఇబ్బంది లేదు." కాస్త ఆగి గైడు వైపు తిరిగారు. "అయితే ఆ మధ్యాహ్నం పాట?"

"అది కూడా పిల్లేనండి."

"సాయంత్రానిది నేను," అంది అత్తగారు గట్టిగా.

నవ్వు వెనక బల్లల మీంచి మొదలై ముందు వరస దాకా వచ్చింది. పెద్ద సారు మాత్రం నవ్వలేదు. చిరుత లేదు కాబట్టి కంచె లేదన్నారు. గదులు నిండాయి కాబట్టి పథకం ఇంకో ఏడాది నడుస్తుందన్నారు. ఆ దిక్కుమాలిన కెమెరాని మాత్రం ఇప్పుడే ఊడదీసి తన జీపులో వెయ్యమని మేడంకి చెప్పి, వెళ్లి జీపులో కూర్చున్నారు.

గైడు భార్య తాళంచెవి కొంగుకు కట్టుకుంది. గైడు ఊపిరి పీల్చుకోబోయాడు. అప్పుడే పాలాయన పక్కకొచ్చి గోకాడు.

"చిరుత లేదన్నావుగా. మరి నా తీగ ఇచ్చేస్తావా? ఖాళీగా పడి ఉండటం ఎందుకని."

పాలాయన వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక మరికొందరు చెప్పులు వెతుక్కుంటున్నారు. గదులు మిగిలాయి గానీ, ఆ గదుల్లో దిగినవాళ్లకు చూపించడానికి ఏమీ మిగలదు. ఎవర్నీ ఆపే మాట అతని దగ్గర లేదు. ఒకే ఒక్క మాట ఉండేది, దాన్ని ఇప్పుడే నలుగురిలో అబద్ధమని ఒప్పుకున్నాడు.

"ఇంటికి పదండి," అన్నాడు.

కెమెరా కోసం మేడం, తీగ కోసం పాలాయన, సంజాయిషీ చెప్పుకుంటూ టైలరు, చంకలో మసితో అత్తగారు, అందరూ గైడు వెనకే పెరట్లోకి వచ్చారు. మేడం కంచె పక్కన గొంతుకూర్చుని ముళ్లు విప్పింది.

"మరీ ఇంత కిందకా?"

"ఉచ్చు ఎత్తండి," అన్నాడు గైడు సిగ్గుపడుతూ.

ఇచ్చేముందు లోపల ఏమున్నాయో చూద్దామని ఆమె చిన్న తెర నొక్కింది. నొక్కిన వేలు అలాగే ఉండిపోయింది. అందరూ వంగి చూశారు.

ఫోటో నిండా నలుపు. మళ్లీ భుజం, మళ్లీ పంజా. ఈసారి కంచె అడ్డకర్ర కూడా పడింది. మసి అయితే ఆ కర్ర కింద నుంచి తోక నిలువునా ఎత్తుకుని పోతుంది. ఫోటోలోది పొట్ట నేలకి ఆనించి, వీపు కర్రకి ఒరుసుకుంటూ, ఇరుకు మీద దూరుతోంది. రెండు చెవులూ నిండుగా ఉన్నాయి. ఫోటో కింద అచ్చయిన సమయం చూస్తే, గైడు బడి గదిలో నిలబడి చిరుత లేదండి అంటున్న సమయం. కుక్కలు లేవు, మేకలు లేవు, ఉచ్చులు లేవు, ఊరంతా బడిలో ఉంది. ఊరు ఎలా ఉందో చూసిపోదామని వచ్చినట్టుంది.

అందరి చూపులూ నెమ్మదిగా అత్తగారి చంకలోకి వెళ్లాయి. మసి ఆవలించింది.

టైలరు చెయ్యి మెళ్లోని టేపు మీదికి పోయింది గానీ, లెక్క ఏదీ పైకి రాలేదు. అడ్డకర్ర మీద నల్లటి వెంట్రుకలు నాలుగు అతుక్కుని ఉన్నాయి. పాలాయన వాటిని వేలితో తాకి చూసి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నా తీగ నీ దగ్గరే ఉండనీ గైడూ," అన్నాడు గొంతు తగ్గించి. "ఇంకో రెండున్నాయి. పొద్దున్నే తెచ్చి ఇస్తాను."

గైడు అతని భుజం మీద చెయ్యి వేశాడు. మేడం తల ఎత్తి కొండవాలు వైపు చూసింది, గైడు ఇంటి కిటికీకి వేలాడుతున్న పూల తెర వైపు చూసింది. ఆమె ఎత్తు కంచె గురించే ఆలోచిస్తోందని వేరే చెప్పక్కర్లేదు.

ఇంటి ముందుకొచ్చి ఆగిన జీపు హారను మోగింది. పెద్ద సారు కిటికీలోంచి తల బయట పెట్టారు.

"ఏంటమ్మా అంత సేపు? అందులో ఇంకేమైనా పడ్డాయా?"

మేడం నోరు తెరిచింది. ఏం చెప్పాలో తేలక మూసుకుంది. గైడుకు నిజం చెప్పే ఓపిక ఆ రోజుకి అయిపోయింది. అత్తగారు మసిని కొంగు కిందకి లాక్కుని, జీపు దాకా వినబడేలా బదులు చెప్పింది.

"మా పిల్లేనండి. ఈమధ్య కాస్త ఒళ్లు చేసింది."